విద్యలో సాంకేతికత, అవకాశాల అంతరం: భారతదేశ అనుభవం

రేడియో, టెలివిజన్, కంప్యూటర్, ఇంటర్నెట్, స్మార్ట్‌ఫోన్ వంటి సాధనాలతో చదువు చెప్పే, నేర్చుకునే పద్ధతులన్నిటినీ కలిపి విద్యా సాంకేతికత అంటారు. ఆ సాధనాలు అందినవారికీ అందనివారికీ మధ్య పెరిగే దూరాన్ని డిజిటల్ అంతరం అంటున్నారు. 1961లో ఢిల్లీ బడుల్లో టెలివిజన్ పాఠాలు మొదలైనప్పటి నుంచి భారతదేశంలో ఈ రెండూ కలిసే నడిచాయి. ఉపాధ్యాయుల కొరతను, ఊళ్ళ దూరాన్ని యంత్రంతో దాటవచ్చన్న ఆశ ప్రతి తరంలోనూ ఒక కొత్త పథకంగా పుట్టింది. ఈ ఆరు దశాబ్దాల అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. సాధనం ఊరుమ్మడిగా, బడిలో, ఉపాధ్యాయుల తోడుతో ఉన్నప్పుడు వెనకబడిన పిల్లలకు అంతో ఇంతో మేలు జరిగింది. దాన్ని సమకూర్చుకునే భారం ఇంటి మీద పడినప్పుడల్లా ఇంటికీ ఇంటికీ ఉన్న తేడాలు చదువులోకి చొరబడ్డాయి.

అంతరం స్వరూపం

పరికరం ఉన్నదా లేదా అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఫోన్ ఉన్నా రీఛార్జ్ చేయించుకోలేని ఇళ్ళున్నాయి. రీఛార్జ్ ఉన్నా సిగ్నల్ అందని గూడేలున్నాయి. సిగ్నల్ వచ్చినా, అయిదుగురు ఉండే ఒంటిగది ఇంట్లో కూర్చుని పాఠం వినడానికి చోటుండదు. చోటు దొరికినా పాఠం తెలియని భాషలో ఉండవచ్చు. అర్థంకాని చోట ఆపి విడమరిచి చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో లేకపోవచ్చు. వీటిలో ఏ ఒక్క మెట్టు విరిగినా మిగతావి ఉండీ ప్రయోజనం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పనికి వెళ్ళే తండ్రి జేబులో ఉంటే, సర్వేలో ఆ ఇల్లు ఫోన్ ఉన్న ఇళ్ళ లెక్కలోకే వస్తుంది. పిల్లకు మాత్రం రాత్రి ఎనిమిది దాటాక గానీ అది చేతికి రాదు.

1970లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిలిప్ టిచెనర్, జార్జ్ డోనహ్యూ, క్లారిస్ ఓలియన్ ఒక ప్రతిపాదన చేశారు. సమాజంలోకి సమాచారం వచ్చి చేరేకొద్దీ, ముందే చదువూ ఆదాయమూ ఉన్న వర్గాలు దాన్ని త్వరగా అందుకుంటాయని, అందువల్ల జ్ఞానంలో తేడా తగ్గకపోగా పెరగవచ్చని వారన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సాధనానికీ ఈ మాటను పట్టి చూశారు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో పనిచేసిన కెంటారో టొయామా తన అనుభవాన్ని 2015లో ‘గీక్ హెరెసీ’ అనే పుస్తకంగా రాశారు. సాంకేతికత మనుషుల్లో, సంస్థల్లో అప్పటికే ఉన్న శక్తినే పెంచుతుందని, లేని శక్తిని పుట్టించలేదని ఆయన వాదన. పల్లె బడుల్లో ఒకే కంప్యూటర్ చుట్టూ పిల్లలు మూగితే మౌస్ ఎవరి చేతిలో ఉంటున్నదో ఆయన బృందం గమనించింది. పలుకుబడి గల ఇంటి మగపిల్లవాడే దాన్ని పట్టుకునేవాడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూసేవారు. దానికి విరుగుడుగా ఒకే తెరకు అనేక మౌస్‌లు కలిపి వాడే పద్ధతిని వారు రూపొందించారు. కులమూ లింగభేదమూ ఒక చిన్న పరికరం దగ్గర ఎలా పనిచేస్తాయో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఊరి నడుమ టెలివిజన్

భారతదేశపు తొలి పెద్ద ప్రయత్నం అందరికీ ఉమ్మడిగా మొదలైంది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా చదువు పంపవచ్చన్నది అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ ఆలోచన. 1969లో భారత అణుశక్తి విభాగానికీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ మధ్య ఒప్పందం కుదిరింది. 1971లో సారాభాయ్ మరణించినా పని ఆగలేదు. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జులై 31 వరకు సాగిన ఆ ప్రయోగానికి ‘సైట్’ అని పొట్టిపేరు. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లోని 20 జిల్లాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు చేరాయి. ఆ పల్లెలను ఎంచుకోవడంలోనే వెనకబాటుతనాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. టీవీలను హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తయారుచేసింది. సంకేతాలను అందుకునే గొడుగు యాంటెన్నాను వలలాంటి తీగజాలంతో చవకగా నిర్మించారు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపారు.

రోజుకు నాలుగు గంటల ప్రసారం ఉండేది. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు ఊరందరికీ. తెలుగు పల్లెకు తెలుగులో, ఒరియా పల్లెకు ఒరియాలో పాఠం వెళ్ళింది. 1975 అక్టోబరు సెలవుల్లో దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ పాఠంతో పాటు ప్రయోగాలు, చేతిపుస్తకాలు, సందేహాలు తీర్చే మనుషులు కూడా ఆ శిక్షణలో భాగం. ఆ ప్రయోగాన్ని నడిపిన అహ్మదాబాద్ అంతరిక్ష కేంద్రానికి అప్పట్లో యశ్‌పాల్ సంచాలకుడు. తర్వాతి కాలంలో ‘బరువు లేని చదువు’ నివేదికతో పాఠశాల విద్యపై లోతైన ముద్ర వేసినది ఆయనే.

టీవీ సర్పంచి ఇంట్లోకి వెళ్ళకుండా అందరూ రాగల చోట పెట్టాలన్న నిబంధన ఈ ప్రయోగానికి ప్రాణం. అప్పటిదాకా పత్రికా సినిమా ఎరగని కూలీలు, సన్నకారు రైతులు, స్త్రీలు దాని ముందు కూర్చున్నారు. బడి హాజరు దానివల్ల చెప్పుకోదగినంత పెరగలేదని మదింపులో తేలింది. టీవీ ఆకర్షణ పిల్లల్ని పొలం పని నుంచి బడికి లాగలేకపోయింది. ఈ ఫలితాన్ని వైఫల్యంగా కొట్టేయడం తొందరపాటు. ఇంటి ఆర్థిక అవసరం తీర్చకుండా ఏ తెరా పిల్లవాడిని బడిలో నిలపలేదన్న పాఠం అప్పుడే దొరికింది. తర్వాత వచ్చిన పథకాలు దాన్ని పట్టించుకోకపోవడమే విచారం. ఏడాది తర్వాత ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరిపేసింది.

అదే సంప్రదాయంలో చెప్పుకోవలసినది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో హైదరాబాద్‌లో స్థాపించిన ఈ సంస్థ దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. ఇంటర్ చదవనివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఇక్కడ కలిగింది. అచ్చు పుస్తకాలు తెలుగులో వచ్చాయి, రేడియో పాఠాలు తోడయ్యాయి, ఊరూరా ఉన్న కళాశాలల్లో ఆదివారాలు తరగతులు జరిగాయి. పెళ్ళితో చదువాగిన స్త్రీలు, చిన్న ఉద్యోగులు, బస్సు కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్ళు పట్టభద్రులయ్యారు. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇక్కడ వాడిన సాంకేతికత చాలా పాతది, చవకైనది. అవకాశాల విషయంలో అది చేసిన మేలు మాత్రం, నా అంచనాలో, ఆ తర్వాత తెలుగునాట వచ్చిన ఏ పరికరం పంపిణీకీ తీసిపోదు.

రేడియో కూడా అలాంటిదే. ఆకాశవాణి కేంద్రాల నుంచి ప్రాథమిక తరగతులకు వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ కార్యక్రమంలో రేడియో ప్రశ్న అడిగి ఆగేది, పిల్లలు జవాబు చెప్పేవారు, పంతులు తరగతిని నడిపేవారు. వినడానికి పెద్ద ఖర్చు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు.

కంప్యూటర్ బడికి రాక

1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది పేరిట ప్రసారాలు ఆరంభించింది. ఆ విద్యా సంవత్సరంలోనే బీబీసీ మైక్రో కంప్యూటర్లతో పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత పథకం వచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి విద్య కోసమే రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. 2003లో మొదలైన ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఇంజనీరింగ్ విద్యార్థులకు నిజంగా ఉపయోగపడ్డాయి. ఊరి కాలేజీలో ఉండి ఐఐటీ ఆచార్యుల పాఠం ఉచితంగా వినగలగడం చిన్న సంగతి కాదు. అయితే ఇంగ్లీషు వచ్చి, స్వయంగా చదువుకోగల దశకు చేరినవారికే ఆ మేలు ఎక్కువగా దక్కింది.

ఇంకో దారిలో నడిచిన ప్రయోగం ఢిల్లీ కాల్కాజీలో 1999లో జరిగింది. ఎన్‌ఐఐటీ సంస్థకు చెందిన సుగతా మిత్రా తమ ఆఫీసు ప్రహరీ గోడలో కంత చేసి ఒక కంప్యూటర్ అమర్చారు. పక్క మురికివాడ పిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్నారన్న వార్త ప్రపంచమంతా పాకింది. పిల్లల జిజ్ఞాసకు అది గొప్ప సాక్ష్యం. ఉపాధ్యాయులు లేకున్నా చదువు సాగుతుందన్న నిర్ణయానికి మాత్రం అది సరిపోదు. అక్కడికి వెళ్ళి చూసిన మార్క్ వార్షావర్ వంటి పరిశోధకులు హిందీలో పిల్లలకు పనికొచ్చే విషయం కొరవడిందని, పెద్ద మగపిల్లలదే పెత్తనమని రాశారు. ఉత్తరాఖండ్ కొండల్లో పెట్టిన ఇలాంటి కంప్యూటర్లు తర్వాత పాడుబడి ఉండటాన్ని మరో పరిశోధకురాలు పాయల్ అరోరా నమోదు చేశారు.

2005లో అమెరికా సాంకేతిక నిపుణుడు నికొలస్ నెగ్రోపాంటే ప్రతి బిడ్డకూ వంద డాలర్ల ల్యాప్‌టాప్ అని పిలుపునిచ్చారు. పెరూ దేశం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొన్నది. అక్కడి 319 పల్లె బడుల్లో జరిపిన అధ్యయనం లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలకు ఒనగూరిన మెరుగుదల ఏమీ లేదని 2012లో వెల్లడించింది. భారత మానవ వనరుల శాఖ 2006లోనే ఆ పథకాన్ని కాదన్నది. తర్వాత మన ప్రభుత్వమే 2011 అక్టోబరు 5న చవక ధర ‘ఆకాశ్’ ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. నాసిరకం తెర, నెమ్మది యంత్రం, ఆలస్యమైన సరఫరాలతో అది కొన్నేళ్ళలోనే కనుమరుగైంది.

2020: బడి ఫోన్‌లోకి మారిన ఏడాది

కొవిడ్ మహమ్మారి వల్ల 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్ళకే పరిమితమయ్యారని యునెస్కో లెక్క. అప్పటికి భారతీయ కుటుంబాల స్థితి ఏమిటో 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత చెబుతుంది. కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పల్లెల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం పల్లెల్లో 14.9 శాతానికి, పట్టణాల్లో 42 శాతానికి ఉంది. 2016లో జియో రాకతో డేటా ధర పడిపోయి చాలా ఇళ్ళకు స్మార్ట్‌ఫోన్ చేరిన మాట నిజమే. అయినా ఇలాంటి పునాది మీద ఆన్‌లైన్ తరగతి నిలబడుతుందని ఎవరైనా ఎలా అనుకున్నారన్నది అడగవలసిన ప్రశ్నే.

ప్రైవేటు బడులు వెంటనే జూమ్ తరగతులకు మారాయి. ఫీజు రాబట్టుకోవడానికి అది అవసరమైంది కూడా. ప్రభుత్వాలు టీవీ వైపు చూశాయి. కేరళ జూన్ 1న విక్టర్స్ చానల్‌లో ‘ఫస్ట్ బెల్’ పాఠాలు మొదలుపెట్టి, టీవీ లేని పిల్లలకు గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో చూసే ఏర్పాటు చేసింది. 2001 నుంచి బడుల్లో కంప్యూటర్ విద్యను సొంత సంస్థతో, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెంచుకుంటూ వచ్చిన రాష్ట్రం కనుక దానికి అంత త్వరగా కదలడం సాధ్యమైంది. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్ పాఠాలు చెప్పింది. కేంద్రం ‘పీఎం ఈ-విద్య’ కింద తరగతికొక చానల్ ప్రకటించింది. జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో ఒక బడి ఉపాధ్యాయులు ఊరంతా మైకులు కట్టి పాఠాలు వినిపించారు. ఏజెన్సీ ప్రాంతాల్లో సిగ్నల్ కోసం గుట్టలెక్కిన పిల్లల ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. వాటిని పట్టుదలకు గుర్తుగా మెచ్చుకున్నవారున్నారు. నిజానికి అవి ప్రభుత్వాల బాధ్యతా లోపానికి సాక్ష్యాలు.

2020 సెప్టెంబరులో ‘అసర్’ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో ఫోన్ ద్వారా జరిపిన సర్వేలో, బడిలో పేరున్న పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. 2018లో అది 36.5 శాతమే. దాదాపు పదింట ఒక కుటుంబం లాక్‌డౌన్ తర్వాత, చాలావరకు చదువు కోసమే, కొత్త ఫోన్ కొన్నది. ఉపాధి పోయిన నెలల్లో, అప్పు చేసి సైతం, ఆ ఖర్చు భరించారంటే చదువు మీద పేదల ఆశ ఎంతటిదో తెలుస్తుంది. ఇంత చేసినా సర్వేకు ముందు వారంలో బడి నుంచి పాఠ్య సామగ్రి ఏదైనా అందినది సుమారు మూడోవంతు పిల్లలకే. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ తదితరులు 15 రాష్ట్రాల పేద కుటుంబాల్లోని దాదాపు 1,400 మంది పిల్లలను కలిశారు. పల్లె పిల్లల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగించినవారు 8 శాతం. ఏమాత్రం చదవనివారు 37 శాతం.

బడులు తెరిచాక నష్టం అంకెల్లోకి వచ్చింది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగల గ్రామీణ పిల్లలు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5 శాతానికి తగ్గారు. అదే ఏడాదికి స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళు 75 శాతానికి చేరువయ్యాయి. ఫోన్లు రెట్టింపైన కాలంలోనే చదవగల పిల్లలు తగ్గారన్న ఈ జంట వాస్తవాన్ని విధాన నిర్ణేతలు గోడకు రాసిపెట్టుకోవాలి.

ఫోన్ ఎవరిది

ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన ఆడపిల్లకు ఉన్నట్టు కాదు. 14-18 ఏళ్ళ గ్రామీణ యువతపై 2023లో జరిగిన అసర్ సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోన్ ఉంటే అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో ప్రపంచమంతా విస్తరించిన తెలుగు సమాజానికి ఈ అంకెలు సిగ్గుచేటు. ఆడపిల్ల చేతిలో ఫోన్ ఉంటే చెడిపోతుందన్న భయం, ఒక్క ఫోన్ ఉంటే అది అబ్బాయి చదువుకే అన్న అలవాటు, ఇంటిపనితో మిగలని సమయం: ఇవి ఏ టెలికాం టవరూ తీర్చలేని అడ్డంకులు.

ఏది పనిచేసింది

ఈ రంగంలో భారతదేశం నుంచి వచ్చిన పరిశోధన ప్రపంచానికే ఉపయోగపడింది. గుజరాత్ ప్రభుత్వం 2000లో వడోదర పురపాలక బడులకు నాలుగేసి కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ళ తర్వాత చూస్తే చాలా బడుల్లో అవి వాడకం లేక పడి ఉన్నాయి. ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలను ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరేసి కూర్చోబెట్టి వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. పక్కన ఒక శిక్షకుడు ఉండేవాడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, షాన్ కోల్, లీ లిండెన్ 2007లో ప్రచురించిన ఫలితాల్లో లెక్కల్లో గట్టి మెరుగుదల కనిపించింది. పథకం ఆగిన ఏడాదికి అందులో చాలాభాగం కరిగిపోయిందని కూడా వారే చెప్పారు.

లిండెన్ మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైనది. గుజరాత్‌లోనే ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు విధాలుగా వాడి చూశారు. ఉపాధ్యాయుల తరగతి సమయాన్ని తీసేసి దాని స్థానంలో కంప్యూటర్ పెట్టినప్పుడు పిల్లలు వెనకబడ్డారు. బడి వేళకు అదనంగా పెట్టినప్పుడు ముందుకు వచ్చారు. అన్నిటికంటే బలహీనంగా ఉన్న పిల్లలకు ఆ అదనపు సమయం ఎక్కువగా ఉపకరించింది.

2015లో ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ చేసిన పరిశోధన దీనికి కొనసాగింపు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని వారు గుర్తించారు. టీచరు ఆరో తరగతి సిలబస్ చెబుతుంటే నాలుగో తరగతి స్థాయిలో ఉన్న పిల్లవాడికి ఏడాదంతా కూర్చున్నా తలకెక్కేది దాదాపు ఏమీ ఉండదు. పిల్లవాడి స్థాయిని కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టే మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో, బడి అయ్యాక కేంద్రాల్లో, నాలుగున్నర నెలలు నేర్పారు. లెక్కల్లోనూ హిందీలోనూ వచ్చిన లాభం చెప్పుకోదగ్గది. అందరికంటే వెనక ఉన్నవారికి, వారి మునుపటి వేగంతో పోలిస్తే, అది మరింత పెద్దది. ఇలాంటి స్థాయిని బట్టి నేర్పే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనూ వాడుతున్నారు. ఈ మూడు పరిశోధనల్లోనూ మేలు జరిగిన చోట యంత్రం ఒంటరిగా లేదు. ఒక గది, ఒక వేళ, ఒక పెద్ద మనిషి దాని వెంట ఉన్నారు.

తెలుగు రాష్ట్రాల్లో

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన, సాంకేతిక విశ్వవిద్యాలయం నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాల్లో పదో తరగతి ముగించిన గ్రామీణ పిల్లలకు ఆరేళ్ళ ఇంజనీరింగ్ విద్య ఇచ్చింది. వసతి, భోజనం, ఒక్కొక్కరికి ల్యాప్‌టాప్. గురుకులాలు కాని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ప్రవేశ లెక్కలో 0.4 గ్రేడ్ పాయింట్లు కలిపారు. కోచింగ్ కొనలేని పిల్లల నష్టాన్ని అంకెల్లో గుర్తించిన అరుదైన నిబంధన ఇది. ఉపాధ్యాయుల ఖాళీలు, భోజనం నాణ్యత మీద విద్యార్థులు పలుమార్లు ఆందోళన చేశారు, ఆ ఫిర్యాదులు న్యాయమైనవే. అయినా కూలి, సన్నకారు రైతు కుటుంబాల పిల్లలు వేలమంది ఇంజనీర్లయిన దారి ఇది.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. బైజూస్ సంస్థ పాఠాలను ట్యాబ్‌లోనే నిల్వచేసి ఇచ్చారు కాబట్టి ఇంటర్నెట్ లేని ఇంట్లోనూ చూసే వీలు కలిగింది. ఆ ఏర్పాటు తెలివైనది. పాఠం మొత్తాన్నీ ఒక ప్రైవేటు కంపెనీకి ముడిపెట్టడం తెలివైన పని కాదు. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. ప్రజల సొమ్ముతో నడిచే బడికి పాఠాలు ప్రజల ఆస్తిగానే ఉండాలి.

ప్రవేశ పరీక్షలు కంప్యూటర్ మీదికి మారడం మరో మలుపు. 2019 నుంచి జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపరు పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కళాశాలల్లో వారం వారం ఆన్‌లైన్ పరీక్షలు రాసిన విద్యార్థీ, పరీక్ష హాలులోనే మౌస్ పట్టుకున్న విద్యార్థీ ఒకే ర్యాంకు కోసం పోటీపడతారు. దరఖాస్తు, రుసుము, కౌన్సెలింగ్ ఐచ్ఛికాలు అన్నీ ఆన్‌లైనే అయినందున ఊరి నెట్ సెంటర్ యజమాని చెప్పిందే చాలామందికి మార్గదర్శనం. ఒక తప్పు ఐచ్ఛికంతో మంచి ర్యాంకు వృథా కావచ్చు.

భాష, చట్టం

యునెస్కో 2023 విద్యా నివేదిక ఉన్నత విద్యలోని ఉచిత వనరుల మీద ఒక అధ్యయనాన్ని ఉదహరించింది. వాటి ప్రధాన భాండాగారాల్లో దాదాపు 90 శాతం యూరప్, ఉత్తర అమెరికాల్లో తయారైనవే. తెలుగులో పాఠశాల స్థాయి వీడియోలు ఇప్పుడు పుష్కలం. ఇంటర్ దాటితే కొరత మొదలవుతుంది. గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకు తెలుగు పాఠమే పరాయిది, వారికి ఈ డిజిటల్ ప్రపంచంలో ఉన్నది అతి స్వల్పం. 2017 సెప్టెంబరు 5న వచ్చిన ‘దీక్ష’ వేదికను పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లతో కలిపారు. పుస్తకం అందరి చేతిలోనూ ఉంది. ఆ కోడ్ తెరిచే ఫోన్ అందరికీ లేదు.

న్యాయస్థానాలు కొంత స్పందించాయి. మహిళా హాస్టల్‌లో సాయంత్రం వేళ ఫోన్ వాడకంపై ఆంక్షను సవాలు చేసిన కేసులో, ఇంటర్నెట్ పొందే హక్కు విద్యా హక్కులో, గోప్యతా హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పునిచ్చింది. 2020 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు, ఉచిత సీట్లలో చేరిన పేద విద్యార్థులకు ఆన్‌లైన్ చదువు పరికరాలు బడులే సమకూర్చాలన్నది. 2021లో సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది, అయితే డిజిటల్ అంతరం పరిణామాలు తీవ్రమైనవని గుర్తించి ప్రభుత్వాలు ప్రణాళిక వేయాలని అదే ఏడాది అన్నది. చట్టంలో మాత్రం స్పష్టమైన హామీ ఇంకా రాలేదు.

ప్రస్తుత స్థితి

కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల్లో ఇంటర్నెట్ ఉన్న బడులు 2021-22లో 33.9 శాతం, 2024-25లో 63.5 శాతం. మూడేళ్ళలో ఇది మంచి ఎదుగుదలే. దేశంలో 14 లక్షలకు పైగా బడులున్నందున, ఇంకా అయిదు లక్షల బడులు దాని వెలుపల ఉన్నాయి. ఈలోగా కృత్రిమ మేధ వచ్చింది. డబ్బు చెల్లించగల ఇంటికి ఇరవై నాలుగు గంటలూ సందేహాలు తీర్చే తోడు దొరికింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కల్లో వెనకబడిన పిల్లల కోసం కృత్రిమ మేధతో పాఠాలు మొదలుపెట్టింది. బడిలో, వెనకబడిన పిల్లలతో మొదలుపెట్టడం సరైన క్రమం. అక్కడ ఉపాధ్యాయుల ఖాళీలు నింపకుండా యంత్రాన్ని వారి స్థానంలో నిలిపితే గుజరాత్ ఫలితమే పునరావృతమవుతుంది.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే కావాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. బడి పనితీరును పరిశీలించే అధికారం ఈ కమిటీకి చట్టమే ఇచ్చింది. మీ ఊరి బడిలో కంప్యూటర్ గది తాళం వారానికి ఎన్ని గంటలు తీస్తున్నారో, ఆ గంటల్లో మౌస్ ఎవరి చేతిలో ఉంటున్నదో వచ్చే సమావేశంలో అడగండి.